ఏడాది తెగకూడదని

మా సీమలో చావుకబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. మనిషి పోయి, వాకిట్లో షామియానా వేసి, వచ్చినవాళ్ళకు టీలు పోస్తూ కూడా, దూరాన ఉన్న కొడుక్కో కూతురికో ఫోన్ చేసి ‘‘మీ నాయనకు సీరియస్‌గా ఉంది, ఉన్నపళంగా బయల్దేరు’’ అంటారు. వినేవాళ్ళకూ తెలుసు, సీరియస్ అన్నారంటే అయిపోయిందని. నిజంగా ఒంట్లో బాగలేకపోతే ‘‘జ్వరమొచ్చింది, సెలైన్ ఎక్కిస్తాండారు’’ అంటారు గానీ సీరియస్ అనే మాట నోటికి రానివ్వరు. ఏడ్చుకుంటూ ప్రయాణం చేసే మనిషికి దారిలో ఏమైనా అవుతుందేమోనని పెద్దలు పెట్టిన పద్ధతి అది. మంచి పద్ధతే అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్ళూ. ఉస్మాన్ కత విన్నాక మాత్రం ఆ పద్ధతిని తీసుకుపోయి పెన్నలో కలపాలనిపిస్తుంది ఎవరికైనా.

దూదేకుల ఉస్మాన్‌ది ప్రొద్దుటూరు. కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో చాలా ఏళ్ళు డ్రైవరు పని చేసి వచ్చి, ఒక తుఫాన్ బండి కొని, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు, ముద్దనూరు మీదుగా పులివెందులకు మనుషుల్ని తిప్పుతుంటాడు. ఆ రోజు బండి నిండా జనం. తొండూరు దాటాక ఫోన్ మోగింది. చూస్తే శ్రీలంక నంబరు. భార్య ఫాయిజాది శ్రీలంకే గానీ, ఆ దేశం నుంచి ఉస్మాన్‌కు ఫోన్ చేసేవాళ్ళు ఎవరూ లేరు. బండి పక్కకు ఆపి ఎత్తాడు.

‘‘రిజ్వాన్‌ని మాట్లాడుతున్నా’’ అన్నాడు అవతలి మనిషి అరవంలో. కువైట్‌లో నేర్చుకున్న అరవం ఉస్మాన్‌కు సరిపోయింది. రిజ్వాన్ అంటే ఫాయిజా అన్న. ఉస్మాన్‌ను చేసుకున్నదని చెల్లెలితో మాట మానేసిన మనిషి. ‘‘ఉమ్మాకు సీరియస్. ఆసుపత్రిలో ఉంది. ఫాయిజాను పంపించు’’ అన్నాడు.

‘‘సరే భాయ్, చూస్తా’’ అన్నాడు ఉస్మాన్. అవతల ఫోన్ పెట్టేశారు.

ఇన్నేళ్ళు పలకని మనిషి తనంతట తాను ఫోన్ చేశాడు. పైగా సీరియస్ అన్నాడు. ఇంకా అనుమానమేముంది? ఉస్మాన్ స్టీరింగు మీద చేతులు పెట్టి, చావు విన్నప్పుడు అనే మాట అరబ్బీలో మెల్లగా అనుకున్నాడు. వెనక సీట్లో ఒకామె ‘‘ఏందప్పా, ఎవురన్నా పోయినారా?’’ అని అడిగింది. ‘‘మా అత్త’’ అన్నాడు. ‘‘అయ్యో పాపం’’ అన్నారు బండిలో జనం. తన తండ్రి పోయినప్పుడు ఉస్మాన్ కువైట్‌లో ఉన్నాడు. అప్పుడూ ఇంతే, సీరియస్ అన్నారు. వచ్చి చూసుకుంది మట్టిని.

ఇప్పుడు ఫాయిజాకు ఎలా చెప్పాలి? అసలు చెప్పాలా?

చెప్పాలా అని అనుకోవడానికి కారణం ఉంది. ఫాయిజా వాళ్ళది లంకలో పుత్తళం అనే ఊరు. అరవం మాట్లాడే ముసల్మాన్లు. కువైట్‌లో ఉస్మాన్ పనిచేసే ఇంటి పక్కింట్లో పిల్లల్ని చూసుకునే పనికి వచ్చింది. గోడ మీదుగా మొదలైన పలకరింపు నిఖా దాకా పోయింది. ఆమెను తీసుకొని ప్రొద్దుటూరికి వచ్చినప్పుడు వీధి వీధంతా ‘‘లంకామె వచ్చింది, లంకామె వచ్చింది’’ అని చూడ్డానికి ఎగబడింది. అమ్మను ‘ఉమ్మా’ అని, నాయనను ‘వాప్పా’ అని, అన్ననేమో ‘నానా’ అని అంటుందని ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకొని నవ్వారు. ఆమె మాత్రం ఏమీ అనుకోలేదు. మన సంగటి కెలకడం నేర్చుకుంది, అందులోకి వాళ్ళ కొబ్బరిపాల చేపల పులుసు చేసి వీధిలో నాలుగిళ్ళకు పంపింది. ఏడాది తిరిగేసరికి నవ్విన నోళ్ళే ‘‘ఫాయిజా, రోంత పులుసుందా?’’ అని అడగడం మొదలుపెట్టాయి.

వీధి ఒప్పుకుంది గానీ సర్కారు ఒప్పుకోవద్దా? పరాయి దేశం మనిషి కాబట్టి వీసా గడువు అయిపోయిన ప్రతిసారీ కడపకు పోవాలి, పోలీసు ఇంటికొచ్చి పక్కిళ్ళలో విచారించి పోవాలి. రేషన్ కార్డులో ఉస్మాన్ పేరూ, కూతురు జైనబ్ పేరూ ఉన్నాయి, ఇంటి ఇల్లాలి పేరు లేదు. ఒకసారి వీసా కాగితం ఆలస్యమైతే, రాకపోతే దేశం వదిలి పోవాల్సి వస్తుందని ఆఫీసులో ఎవరో అన్నారు. అది విని ఫాయిజా జైనబ్‌ను ఒళ్ళో పెట్టుకొని చేసిన ఏడుపు ఉస్మాన్ మరిచిపోలేదు. ‘‘నిన్ను ఈ దేశం మనిషిని చేస్తా మే. అప్పుడు ఎవుడు పొమ్మంటాడో చూస్తా’’ అని ఆ రోజే మాటిచ్చాడు.

పౌరసత్వానికి పెట్టుకోవాలంటే ఇండియాలో ఏళ్ళ తరబడి ఉండి ఉండాలి. అది అయింది. దరఖాస్తు ఇచ్చే ముందు చివరి ఏడాది మాత్రం దేశం దాటకుండా ఉండాలి. ఒకసారి ఏడాది నిండబోయే ముందే ఫాయిజా తండ్రి పోయాడు. ఆమె పోయింది, ఏడాది తెగింది. మళ్ళీ మొదటినుంచి లెక్క. ఈసారి ఇంక నెల కూడా లేదు నిండడానికి. అప్పుడొచ్చింది ఈ ఫోన్.

పులివెందులలో జనాన్ని దించి ఉస్మాన్ నేరుగా వాళ్ళక్క ఇంటికి పోయాడు. దిల్షాద్‌బీ వాళ్ళాయన పోయినప్పటినుంచి అక్కడ మిషను కుట్టుకుంటూ ఒక్కతే ఉంటుంది. తమ్ముడి ముఖం చూసి మిషను ఆపింది.

‘‘ఏందిరా, అట్లుండావు?’’

‘‘ఫాయిజా వాళ్ళమ్మకు సీరియస్ అని ఫోన్ చేసినారుక్కా.’’

‘‘అయ్యో, అయిపోయిందా పాపం! ఎప్పుడంట?’’

చూశారా! ఆమెకూ అంతే అర్థమైంది. సీరియస్ అంటే ఇంకేదో అయి ఉండొచ్చని అక్కకు గానీ తమ్ముడికి గానీ తోచలేదు.

‘‘ఈ పొద్దే అయింటాది. ఆయప్పే చేసినాడు, వాళ్ళన్న’’ అన్నాడు ఉస్మాన్. ‘‘చెప్తే ఒక్క నిమిషం ఉండదుక్కా. ఇప్పుడు పోయినా చూసేదేముంది? సాయంత్రం లోపల మట్టి చేసేస్తారు. ఈమె మద్రాసుకు పోయి విమానమెక్కి ఆడికి పోయేతలికి సమాధి మీద నీళ్ళు గూడా ఆరిపోయింటాయి. ఏడాది మాత్రం తెగుతాది.’’

దిల్షాద్‌బీ మిషను మీదున్న గుడ్డ మడిచి పక్కన పెట్టింది. ‘‘దరఖాస్తు ఇచ్చేదానికి ఇంకెన్నాళ్ళుండాది?’’

‘‘నెల లోపలే.’’

‘‘అట్లయితే గమ్మునుండు. పోయినామె ఎట్లాగూ పోయింది, బతికుండేది బాగుపడనీ. కాయితం ఇచ్చినంక నేనే వచ్చి పక్కన కూర్చోని చెప్తా. ఆడదాని ఏడుపు ఆడదాని దగ్గరయితే తీరుతాది.’’

అక్క చెప్పింది అతని మనసులో ఉన్నదే. మనకు కావలసిన సలహా ఇచ్చే మనిషి దగ్గరికే కదా మనమూ పోయేది! మూడో రోజు దిల్షాద్‌బీ ముల్లాసాబును పిలిపించి, బొరుగులూ చక్కెరా పెట్టి ఫాతిహా చదివించింది. ముల్లాసాబు పోయినామె పేరేందని అడిగాడు. ‘‘సిత్తి జొహరా’’ అన్నాడు ఉస్మాన్. అత్త మీద అతనికి అభిమానమే. నిఖా సంగతి తెలిసి ఇల్లంతా మండిపడితే, ‘‘నా కూతురికి వాడే నచ్చితే నాకూ నచ్చినట్టే’’ అన్న ముసలామె. కళ్ళు మూసుకొని, ఆమెకు స్వర్గం రావాలని మనస్ఫూర్తిగా వేడుకున్నాడు. చక్కెర పొట్లం ఇంటికి తీసుకుపోలేక దారిలో ఎవరికో ఇచ్చేశాడు.

మళ్ళీ రిజ్వాన్‌కు ఫోన్ చేసి ఒక్క మాట అడగొచ్చు. అడగలేదు. చేస్తే ‘ఫాయిజా బయల్దేరిందా?’ అంటాడు. ఏం చెప్పాలి? ఆ భయంతో ఆ నంబరు వైపే చూడలేదు. అటునుంచి కూడా ఫోన్ రాలేదు. పౌరుషం గల మనిషి, ఒకసారి చెప్పాడు, అంతే.

ఫాయిజా తల్లికి ఒక చిన్న ఫోన్ ఉంది. శుక్రవారం జుమ్మా నమాజు తరువాత తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. ఆ వారం ఫోన్ కలవలేదు. తరువాతి వారమూ అంతే.

‘‘ఉమ్మా ఫోన్ స్విచ్చాఫ్ వస్తాంది’’ అంది ఫాయిజా, సంగటి ముద్ద చేసి పళ్ళెంలో పెడుతూ. ‘‘ఏమన్నా అయింటాదా?’’

‘‘ఏమైతాది? ఫోన్ చెడిపోయింటాది. ముసలామె, యాడ పడేసిందో.’’

‘‘నానాకు చేస్తే ఎత్తడు. చుట్టాలంతా ఆయన మాట మీదుంటారు. నువ్వొకసారి చేసి చూడు.’’

‘‘చేస్తాలే’’ అని ముద్ద మింగాడు. ఫోన్ పలకకపోవడం కూడా అతనికి రుజువుగానే కనిపించింది. పోయిన మనిషి ఫోన్ ఎందుకు పలుకుతుంది?

ఆ నెల ఉస్మాన్ పడిన అవస్థ పగవాడికి కూడా వద్దు. ఫాయిజా సంతోషంగా ఉండేది, అదీ అతని కర్మ. కాగితం వస్తే ఇండియా పాస్‌పోర్టు తీసుకొని పుత్తళం పోతానని, ఉమ్మాను ప్రొద్దుటూరుకు తీసుకొచ్చి నాలుగు నెలలు పెట్టుకుంటానని, ఇక్కడి బంగారు అంగళ్ళు చూపిస్తానని చెప్పేది. బజారుకు పోయి తల్లికని ఒక మెత్తటి తెల్లచీర కూడా కొనుక్కొచ్చింది. ‘‘అంచు బాగుందా?’’ అని అడిగితే ‘‘శానా బాగుండాది’’ అన్నాడు. వీధిలో ఎవరిదో పెళ్ళి వస్తే చేతులకు గోరింటాకు పెట్టుకొని, వాళ్ళ ఊరి పాటలు పాడి అందరినీ నవ్వించింది. తల్లి పోయిన కూతురు గోరింటాకు పెట్టుకొని పాడుతుంటే చూడలేక ఉస్మాన్ బండి తుడిచే పని పెట్టుకున్నాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. ఇంకొన్నాళ్ళే గదా అని మింగేవాడు.

ఏడాది నిండింది. దరఖాస్తుకు ఇద్దరు స్థానికులు ఈమె మంచి మనిషని రాసివ్వాలి. ఒకరు వీధిలోనే దొరికారు. రెండోవారు జమ్మలమడుగులో ఆనందయ్య సారు. బడిలో ఉస్మాన్‌కు చదువు చెప్పినాయన, ఇప్పుడు రిటైరయ్యి చర్చి పనులు చూసుకుంటున్నాడు. కొండాపురం దగ్గర ఆయన సొంతూరు గండికోట నీళ్ళలో మునిగిపోతే ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకున్నాడు. ఉస్మాన్, ఫాయిజా ఇద్దరూ వెళితే వరండాలో కుర్చీలు వేయించి, కళ్ళజోడు పెట్టుకొని దరఖాస్తు ఒక్కొక్క గడీ చదివి చూశాడు.

‘‘నాయన పేరు రాసినారు. చనిపోయినారు, సరే. అమ్మ పేరు సిత్తి జొహరా. ఉండారా తల్లీ?’’

‘‘ఉంది సార్’’ అంది ఫాయిజా నవ్వుతూ. ‘‘డెబ్బై దాటినా గట్టిగా ఉంది. నాకంటే ఎక్కువ తింటాది.’’

ఉస్మాన్ నేల చూస్తూ కూర్చున్నాడు. తెలియక అబద్ధం చెబుతున్నది, ఆ పాపం నాది అనుకున్నాడు. ఫాయిజా నీళ్ళు తాగడానికి లోపలికి పోగానే ఆయన దగ్గరికి జరిగి సంగతి చెప్పేశాడు. ఆనందయ్య కళ్ళజోడు తీసేశాడు.

‘‘నెల దినాలు దాచినావా? వాళ్ళు ఏమన్నారు ఫోన్లో, చనిపోయిందనే అన్నారా?’’

‘‘సీరియస్ అన్నారు సార్.’’

‘‘అదే లే, మాట వరసకు అట్లనే అంటారు’’ అని నిట్టూర్చాడు. అంత చదువుకున్నాయనకూ రెండో ఆలోచన రాలేదు. ‘‘నాకు ఊరు పోయింది ఉస్మాన్, కళ్ళెదురుగానే పోయింది. చూస్తా ఏడ్చినా కాబట్టి ఈ పొద్దు ఇట్ల కూర్చోని మాట్లాడతాండా. ఆ పిల్లకు ఏడ్చేదానికి కూడా లేకుండా చేస్తివే! ఇంటికి పోయి చెప్పు.’’

‘‘రేపు కడపలో ఇచ్చేస్తాం సార్. ఇచ్చిన మరుక్షణం చెప్తా. ఒట్టు.’’

మరుసటి రోజు కడపలో దరఖాస్తు ఇచ్చారు. తీసుకున్న మనిషి ఠపీమని ముద్ర కొట్టి, విచారణకు ఇంటికొస్తారని చెప్పి రసీదు చేతికిచ్చాడు. ఫాయిజా ఆ రసీదును రెండు చేతులా పట్టుకొని బండిలో ముందు సీట్లో కూర్చుంది. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. అక్కను ప్రొద్దుటూరికి రమ్మని ఉస్మాన్ పొద్దున్నే చెప్పి పెట్టాడు. ఇంటికి పోతే దిల్షాద్‌బీ ఉంటుంది, ఆమే చెబుతుంది. ఎర్రగుంట్లలో ఆపి, టీ తెస్తానని దిగాడు. హోటలు ముందు నిలబడి ఉండగా ఫోన్ మోగింది. అదే నంబరు.

‘‘ఉమ్మా పోయింది. ఈ రోజు తెల్లవారుజామున, సుబహ్ నమాజు వేళకు’’ అన్నాడు రిజ్వాన్.

ఉస్మాన్‌కు అర్థం కాలేదు. ‘‘ఈ రోజా?’’ అన్నాడు.

‘‘ఈ రోజే. నీకు చెప్పి నెల కావస్తోంది. గుండె పాడైంది, ఎప్పుడేమవుతుందో తెలీదన్నారు డాక్టర్లు. ఫోన్‌లో మాట్లాడనివ్వొద్దన్నారు, ఆపేసి పెట్టాం. కానీ తెలివి పోలేదు, మాట పోలేదు. ఉస్మాన్‌కు చెప్పాను, ఫాయిజా వస్తుంది అన్నా. రోజూ అడిగేది, ఎక్కడిదాకా వచ్చింది అని. ఓడలో వస్తున్నట్టుంది నా కూతురు అని నవ్వేది కూడా. ఈ నాలుగు రోజులుగా అడగడం మానేసింది.’’ రిజ్వాన్ గొంతు బొంగురుపోయింది. ‘‘నా మీద కోపమైతే నా ముఖం చూడొద్దు. కన్నతల్లి ఏం చేసింది దానికి? ఎందుకు రాలేదో అడిగి చెప్పు.’’

ఉస్మాన్ బతికున్న మనిషికి ఫాతిహా చదివించాడు. ఆమె అక్కడ వాకిలి వైపు చూస్తూ కూతురు ఎక్కడిదాకా వచ్చిందని అడుగుతుంటే, ఇక్కడ పులివెందులలో కూర్చొని ఆమె ఆత్మకు శాంతి కోరాడు. హోటలు గట్టు మీద కూలబడ్డాడు. ఫాయిజా చూసి బండి దిగి పరుగెత్తుకొచ్చింది.

‘‘ఏమైంది? ఎవురు ఫోన్లో?’’

ఇక అక్క వచ్చేదాకా ఆగడానికి లేదు. ‘‘మీ నానా’’ అన్నాడు. ‘‘ఉమ్మా పోయింది మే. పొద్దున.’’

ఫాయిజా అక్కడే కూర్చొని పెద్దగా ఏడ్చింది. హోటలు ఆమె ఒక చెంబుతో నీళ్ళు తెచ్చింది. చుట్టూ మనుషులు పోగయ్యారు. పొద్దున పోయిందని చెప్పాడు, అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఎవరు అడగొచ్చారు? కానీ పాపం, ఆ మనిషి దొంగ కాడు. కడుపులో పెట్టుకోలేకపోయాడు. ఆమెను బండిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టి, తొండూరు దగ్గర వచ్చిన ఫోను మొదలు అంతా చెప్పాడు.

‘‘మా పక్క సీరియస్ అంటే అంతే మే. అయిపోయిందనే అర్థం. నేను అట్లనే అనుకొంటి. బతికుండాదని తెలిసింటే ఆ పొద్దే నేనే నిన్ను విమానం ఎక్కించేవాణ్ణి. అల్లా మీద ఒట్టు.’’

ఫాయిజా ఏడుపు ఆగిపోయింది. అతని వైపు తిరిగి చూసింది.

‘‘వాప్పా పోయినప్పుడు ఉమ్మా ఏమని ఫోన్ చేసింది? మౌత్ అయినాడు అని చెప్పలా? మా ఊర్లో చావును చావనే చెప్తారు. నీకు తెల్చు అది. పక్కనే ఉండి విన్నావు.’’

‘‘మరిచిపోతి మే.’’

‘‘సరే. పోయిందనే అనుకొంటివి. పొరపాటు. నేను నమ్ముతా.’’ ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. ‘‘పోయిందనుకోని గూడా నాకు చెప్పలేదు గదా నువ్వు? మా అమ్మ చచ్చిపోయిందని తెలిసి, నెల దినాలు నాతో కూర్చోని సంగటి తింటివి. చీర అంచు బాగుందంటివి. నేను పెండ్లిలో పాటలు పాడతాంటే చూస్తా ఉంటివి. ఆమె బతికుండి పొరపాటైంది. నిజంగానే పోయింటే అప్పుడు నువ్వు చేసింది ఏంది?’’

ఉస్మాన్ సీరియస్ అన్న మాట వెనక దాక్కుందామనుకున్నాడు, ఆమె ఒక్క ప్రశ్నతో దాన్ని లాగి పారేసింది.

‘‘ఇంటికి పోదాం పా. పాస్‌పోర్టు తీసుకోని, ఇట్లే మద్రాసుకు పోనీ బండి’’ అంది.

‘‘ఎంక్వయిరీకి వస్తారు మే, మనిషి ఇంట్లో లేకుంటే...’’

నోరు జారింది. నెల రోజులుగా నాలుక మీద ఉన్న మాట కదా, అదే బయటికొచ్చింది. అన్న మరుక్షణం చెప్పు తీసుకొని తనను తానే కొట్టుకోవాలనిపించింది ఉస్మాన్‌కు. ఫాయిజా చేతిలో ఉన్న రసీదును అతని ముందు, స్టీరింగు దగ్గర పెట్టింది. తలుపు తీసుకొని దిగి, పోయి వెనక సీట్లో కూర్చుంది.

మట్టి అందలేదు సరే, నలభైయో రోజు దాకా ఉండి వస్తానని పోయింది. ఆమె లేనప్పుడు విచారణకు మనిషి వచ్చాడు. ఇంట్లో లేదన్నారు. రాసుకొని పోయాడు. నలభై అయ్యాక ఫాయిజా తిరిగి వచ్చింది. వస్తుందో రాదో అని వీధంతా గుసగుసలాడింది గానీ, జైనబ్‌ను వదిలి ఎక్కడికి పోతుంది? వచ్చిన మరుసటి రోజునుంచే పొయ్యి వెలిగించింది, సంగటి కెలికింది, పిల్లకు జడ వేసింది. అన్నీ చేసింది. ఉస్మాన్‌తో అవసరమైన మాటలే మాట్లాడింది.

‘‘మీ నానాకు చెప్పినావా, తప్పు నాదని?’’ అని ఒకరోజు ధైర్యం చేసి అడిగాడు.

‘‘చెప్పలా. కాయితం కోసం నేనే రాలేదని చెప్పినా.’’

‘‘ఎందుకు మే, అట్ల చెప్పేది?’’

‘‘నీ పేరు చెప్తే నన్ను తిరిగి పంపరు. ఈడ నా బిడ్డ ఉంది.’’ బియ్యం చేటలో పోసుకొని ఏరుతూ చెప్పింది. ‘‘నానా మళ్ళీ మాట మానేసినాడు. ఈసారి ఆయన కోపం న్యాయమే అనుకుంటాండారు అందరూ. అనుకోనీలే.’’

కొన్నాళ్ళకు విచారణకు స్వయంగా రావాలని ఆఫీసునుంచి కబురొచ్చింది. ఉస్మాన్ తెల్లవారకముందే బండి కడిగి సిద్ధం చేశాడు. ఫాయిజా కదలలేదు. దిల్షాద్‌బీ పులివెందులనుంచి వచ్చి, కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ‘‘నా తప్పు కూడా ఉంది తల్లీ. వాడు చేసింది నీ కోసమే. నువ్వు ఈ దేశం దానివి కావాలనే గదా!’’

‘‘నా కోసమే వదినా. తెల్చు’’ అంది ఫాయిజా. ‘‘ఆయప్ప చెడ్డోడైతే నేను తిట్టుకోని ఊరుకుంటా. నా కోసమే చేసినాడు చూడు, అదే నాకు మింగుడు పడటం లేదు. లంకను వదులుకుంటాండా అని రాసియ్యమంటారంట చివర్లో. మా అమ్మ దగ్గరికి పోనిది నేను. ఆ దేశం గూడా నాది కాదని నా చేత్తో నేను రాసియ్యలేను. వీసా మీదే ఉంటా. ఎన్నాళ్ళుండనిస్తే అన్నాళ్ళు.’’

అప్పటినుంచి వీసా గడువు వచ్చినప్పుడల్లా ఉస్మాన్ ఆమెను కడపకు తీసుకుపోతాడు. రేషన్ కార్డులో ఇప్పటికీ రెండు పేర్లే. ఈసారి పోయినప్పుడు ఆఫీసులో కాస్త మాటకారి అయిన ఒకాయన ఉన్నాడు. కాగితాలన్నీ తిరగేసి కుర్చీలో వెనక్కి వాలాడు.

‘‘ఏమ్మా, ఇన్నేండ్లాయె వచ్చి. మాట గూడా మన మాటే వచ్చేసింది నీకు. సిటిజన్‌షిప్‌కు పెట్టుకుంటే పోలా? ఈ తిరుగుడంతా ఎందుకు?’’

ఫాయిజా సంతకం పెట్టాల్సిన చోట పెట్టి పెన్ను బల్ల మీద ఉంచింది. ‘‘ఆయన్నడగండి సార్’’ అంది.

ఆయన ఉస్మాన్ వైపు చూశాడు. ఫాయిజా కూడా చూసింది. వాళ్ళమ్మ ఊపిరితో ఉండగానే నేను మట్టి చేసినా సార్, అది తెలిసినంక ఈమె పెట్టుకోలేదు అని చెప్పేయాలనిపించింది అతనికి. చెబితే ఒక్కసారిగా బరువు దిగిపోతుంది.

‘‘పెట్టుకుంటాం సార్. వచ్చే ఏడు తప్పకుండా’’ అన్నాడు ఉస్మాన్.

‘‘పోయినసారి గూడా ఇదే చెప్పినావు గదప్పా’’ అన్నాడు పక్క బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా.